గుండుకు లైసెన్సు

ఫోన్లలో ప్రకటనలిచ్చి మరీ తుపాకులు అమ్ముతున్నారన్న సంగతి పైవాళ్ళకు తెలియడానికి ఆరేళ్ళు పట్టింది. తెలిసిన ఆరో రోజుకల్లా ఉత్తర్వు వచ్చింది. అంత తొందరగా వచ్చిన ఉత్తర్వు ఎవరో ఒకరి మెడకు చుట్టుకోక మానదు. అది తిరిగి తిరిగి నరసింహగట్టు బస్టాండు పక్కన క్షౌరశాల నడుపుకునే ముత్యాలు మెడకు చుట్టుకుంది.

ముత్యాలుకు యాభై ఆరేళ్ళు. జన్మలో తుపాకి ముట్టుకోలేదు. దీపావళికి పిల్లలు కాల్చే బిళ్ళల తుపాకి చప్పుడుకే చెవులు మూసుకునే రకం. గట్టు మీది స్వామికి మొక్కుకున్నవాళ్ళు కొండెక్కబోతూ అతని కుర్చీలో కూర్చుని గుండు చేయించుకుంటారు. వాళ్ళందరికీ బ్లేడు కత్తి వాడతాడు. తండ్రి ఇచ్చిపోయిన కొమ్ము పిడి కత్తి మాత్రం పసుపు గుడ్డలో చుట్టి ఉంటుంది. ఇంట్లో పిల్లల పుట్టు వెంట్రుకలు తియ్యడానికి తప్ప దాన్ని బయటికి తియ్యడు. కొడుకు పైడిరాజుకీ, కూతురు రోజాకీ దానితోనే తీశాడు. ఇప్పుడు రోజా కూతురు హన్విక వంతు వచ్చింది.

హన్వికకు తొమ్మిదో నెలలో తియ్యాలనుకుంటే జ్వరం అడ్డొచ్చింది. పదకొండో నెలలో అనుకుంటే మైల అడ్డొచ్చింది. ఇక మిగిలింది మూడో ఏడు. అది నిండడానికి ఇరవై ఆరు రోజులే ఉంది. సరి ఏట తియ్యకూడదు కనక ఇది దాటితే మళ్ళీ ఐదో ఏట గాని కుదరదు. అందుకే రోజా విశాఖపట్నం నుంచి పిల్లనెత్తుకుని పుట్టింటికి వచ్చింది. బ్యూటీ పార్లరు పని నేర్చుకున్న పిల్ల, ఊరికే కూర్చోవడం చేతకాదు. నాన్న కొట్టుకు నాలుగు బేరాలు పెరుగుతాయని ఫోన్లో ఒక ప్రకటన పెట్టింది. బొమ్మ లేకపోతే ఎవరూ చూడరని పసుపు గుడ్డ విప్పి ఆ పాత కత్తిని ఫొటో తీసింది.

ప్రకటన ఇది: “గుండు కొట్టించుకోవాలంటే ముత్యాలు దగ్గరకే రండి. పిల్లల గుండు, పెద్దల గుండు, ఆడవారి గుండు. ముప్పై ఏళ్ళ అనుభవం. అయిపోయేదాకా అసలు తెలియదు. చుక్క నెత్తురు రాదు. ఇంటిల్లిపాదికీ కొట్టిస్తే చంటిబిడ్డకు ఉచితం.”

ఊళ్ళో చదివినవాళ్ళెవరికీ ఇందులో తప్పు కనిపించలేదు. కనిపించింది ఒక్క యంత్రానికి. పోలీసు స్టేషను ఆవరణలో కొత్తగా ఒక గది కట్టి, ‘సామాజిక మాధ్యమ మారణాయుధ ప్రకటనల నిరోధక విభాగం’ అని బోర్డు పెట్టి, అందులో ఒక కంప్యూటరును కూర్చోబెట్టి, దానికి కుంకుమ బొట్టు పెట్టారు. ఫోన్లలో వచ్చే ప్రకటనలన్నీ అది చదువుతుంది. తెలుగును తన భాషలోకి మార్చుకుని, ఆలోచించుకుని, తీర్పును మళ్ళీ తెలుగులో చెబుతుంది. వెళ్ళిన తెలుగూ వచ్చిన తెలుగూ ఒకటేనా అని చూసే పని ఎవరికీ అప్పగించలేదు.

నోటీసు తెచ్చింది హెడ్ కానిస్టేబుల్ అప్పన్న. పాతికేళ్ళుగా ముత్యాలు చేతే గడ్డం గీయించుకుంటున్న మనిషి. ముందు కుర్చీలో కూర్చుని గడ్డం గీయించుకుని, మొహం తుడుచుకుని, ఆ తర్వాత జేబులోంచి నోటీసు తీశాడు. ముందే ఇస్తే కత్తి పట్టిన చెయ్యి వణుకుతుందేమోనని ఆగానన్నాడు.

మర్నాడు ముత్యాలు, రోజా విభాగానికి వెళ్ళారు. ప్రత్యేకాధికారి సదాశివరావు యంత్రం ఇచ్చిన తీర్పు చదివి వినిపించాడు. “సదరు ముత్యాలు అను అనుభవజ్ఞుడు పిల్లలను, పెద్దలను, స్త్రీలను తుపాకి గుండ్లతో కొట్టును. అంతయు ముగియువరకు వారికి తెలియదు. రక్తపు జాడ మిగలదు. కుటుంబమునంతటినీ కొట్టించినవారికి పసికందును ఉచితముగా కొట్టును.”

చదువుతున్న సదాశివరావు తల నున్నగా మెరుస్తోంది. నాలుగు రోజుల కింద మొక్కు తీర్చుకోవడానికి ముత్యాలు దగ్గరే గుండు చేయించుకున్నాడు. ఆ సంగతి ముత్యాలు చేతులు కట్టుకుని మనవి చేసుకున్నాడు.

“గుండంటే ఏమిటో నాకు తెలియదనుకున్నావా ముత్యాలూ? నా తలే సాక్ష్యం,” అన్నాడు సదాశివరావు. “అయితే తెలిసినదాన్ని బట్టి నడుచుకుంటే అది వ్యక్తిగత అభిప్రాయం అవుతుంది. నేనిక్కడ వ్యక్తిగా కూర్చోలేదు.”

యంత్రం తీర్పు మీద అప్పీలు యంత్రానికే చేసుకోవాలని నిబంధన ఉంది. రోజా అక్కడికక్కడే అప్పీలు రాసింది: ‘మా నాన్న కొట్టేది తుపాకి గుండు కాదు, తల గుండు.’ యంత్రం క్షణం ఆలోచించి జవాబిచ్చింది: ‘నిందితుడు తలకే గురిపెట్టి కొట్టుదునని అంగీకరించెను.’ ఆ అంగీకారం ఆధారంగా ఫొటోలో ఉన్న కొమ్ము పిడి కత్తిని గుండు తయారీ సాధనంగా జప్తు చేశారు. పసుపు గుడ్డతో సహా స్టేషను సామాన్ల గదిలో పెట్టి తాళం వేశారు.

ముత్యాలుకు కేసు భయం కన్నా కత్తి బెంగ ఎక్కువైంది. “మా గుంటకి పుట్టెంట్రుకలు తియ్యాల బాబూ. నెల తిరక్కముందే తీసీయాల. ఆ కత్తి ఒక్కటీ ఇచ్చీయండి, మిగతాదేదైనా మీ దయ,” అని బతిమాలాడు. సదాశివరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఏదో ఒక దారి దొరికేది.

రోజా మాట మార్చి చూసింది. గుండు తీసేసి ‘క్షవరం’ అని రాస్తే ఆ ప్రకటనను జనానికి టోపీ వేసే వ్యవహారం కింద మోసాల విభాగానికి పంపారు. ‘తలనీలాల సమర్పణ’ అని రాస్తే తలలు సమర్పించడం నరబలి అవుతుందని తేలింది. బోడి అని రాద్దామంటే ముత్యాలే ఒప్పుకోలేదు. అది ఇంట్లో ఆడవాళ్ళ ముందు పలికే మాట కాదన్నాడు. ఈలోగా యంత్రం స్టేషనరీ కొట్టువాడి గుండుసూదులనీ, పూలకొట్టు ఆవిడ గుండుమల్లెలనీ పట్టుకుంది. విభాగంలో ఉన్న గుండుసూదుల డబ్బా కూడా ముందు జాగ్రత్తగా సామాన్ల గదిలో జమ చేశారు. సూదులు లేక కాగితాలు విడివిడిగా ఉండడంతో ఫ్యాను వేసినప్పుడల్లా ఒక కేసు ఇంకో కేసులో కలిసిపోయేది.

ఆరో రోజున సదాశివరావే ఒక ఉపాయం కనిపెట్టాడు. గుండ్లు తయారుచేయడం నేరం కాదు, లైసెన్సు లేకుండా తయారుచేయడమే నేరం. కాబట్టి ముత్యాలు లైసెన్సుదారు అయిపోతే సరి. ముత్యాలు వేలిముద్రలిచ్చాడు. తాను ఎవరినీ చంపే ఉద్దేశంతో లేనని ప్రమాణం చేశాడు. కొట్టు గుమ్మానికి ‘ఇచ్చట నిప్పు వాడరాదు’ అని ఎర్ర రంగుతో రాయించాడు. కొట్టులో ఒక రిజిస్టరు పెట్టారు. గుండు నంబరు, పేరు, సైజు, పేలినదా పేలనిదా అని నాలుగు గళ్ళు. సదాశివరావు తన గుండును కూడా వెనకటి తేదీతో పదిహేడో నంబరుగా రాయించుకుని సంతకం పెట్టాడు. నిబంధనల ముందు తనా పరా లేదన్నాడు. కత్తి మాత్రం కేసు ముగిసేదాకా ఇవ్వడం కుదరదన్నాడు.

గుండుకు నంబరు పడ్డాక దాని మీద దేశమంతా ఆలోచించడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం ముత్యాలు కొట్టులో టీవీ పెడితే గంటసేపు చర్చ నడిచింది. ఒకవైపు గుండు హక్కుల పరిరక్షణ సమితివాళ్ళు కూర్చుని, గుండు మనిషిని చంపదనీ మనిషే మనిషిని చంపుతాడనీ వాదించారు. తమ తాతలు గుండుతోనే బతికారనీ తమ గుండు జోలికి ఎవరొచ్చినా ఊరుకోమనీ హెచ్చరించారు. ఇంకోవైపు గుండు రహిత సమాజంవాళ్ళు పిల్లల బడులకు కిలోమీటరు దూరంలో గుండు కనిపించకూడదన్నారు. మధ్యలో కూర్చున్న నిపుణుడు చిన్న గుండ్లు ఉండనిచ్చి పెద్ద గుండ్లను నిషేధిస్తే సరిపోతుందని రాజీ చెప్పాడు. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అంటారే, దాన్ని ముత్యాలు కళ్ళారా చూశాడు. ఆ గంటలో తుపాకి అన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు ఆ వారమే మున్సిపాలిటీ ఎన్నికల నియమావళి అమల్లోకి వచ్చింది. ఎన్నికలొస్తే లైసెన్సు ఉన్న ఆయుధాలనీ గుండ్లనీ స్టేషనులో జమ చెయ్యాలన్నది ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. అప్పన్న ముత్యాలు రిజిస్టరు పట్టుకుని బయలుదేరి అరవై ముగ్గురిని వెతికి తెచ్చి స్టేషను వరండాలో జమ చేశాడు. వాళ్ళవాళ్ళ ఇళ్ళకు రసీదులిచ్చాడు. గుండ్లను పొడి ప్రదేశంలో, నిప్పుకు దూరంగా ఉంచాలని నిల్వ నిబంధన. అందుకని వాళ్ళకు బీడీలు లేవు, స్నానాలు లేవు. వెంట్రుక అరంగుళం పెరిగితే గుండు నిర్వీర్యమైనట్టు లెక్క. రోజూ ఉదయం అప్పన్న పిల్లల స్కేలు పట్టుకుని వరసగా కొలిచేవాడు. పదిహేడో నంబరు కూడా ఆ వరసలోనే కూర్చుని, తన కొలత అయ్యాక, అక్కడే ఫైళ్ళు తెప్పించుకుని సంతకాలు పెట్టేవాడు.

ఎన్నికలయ్యేదాకా గుండ్ల తయారీ నిలిపెయ్యాలని ముత్యాలుకు తాఖీదు వచ్చింది. అంటే కత్తి వచ్చినా హన్వికకు గుండు చెయ్యడానికి వీల్లేదు. చుట్టుపక్కల ఊళ్ళలో క్షురకులు కూడా భయపడి గుండు మాటెత్తితే తలుపు వేసుకుంటున్నారు. ఇంక తొమ్మిది రోజులుంది. ముత్యాలుకు అన్నం సహించడం మానేసింది. మనవరాలి జుట్టు చిక్కు పడి కళ్ళల్లో పడుతుంటే, ఆ పిల్ల తన తల తెచ్చి తాత చేతి కింద పెట్టేది. ఇంతమంది తలలు చూసిన తన చేతికి ఇంటి పిల్ల తల దక్కదా అని అతనికి ఏడుపొచ్చేది.

గుండ్లు లేకపోతే కొట్టు గడవదని రోజా కటింగులూ స్టైళ్ళూ మొదలుపెడదామంది. దానికి హెయిర్ డ్రయ్యరు కావాలి. ఫోను తెరవగానే ప్రకటన అదంతట అదే వచ్చింది: ‘ఇటలీ మోడల్ హెయిర్ డ్రయ్యరు. చేతిలో ఇముడుతుంది. వరసగా ఆరుసార్లు పనిచేస్తుంది. ఎదుటివాడికి జుట్టు లేకపోయినా ఫరవాలేదు.’ ఆఖరి మాట అచ్చుతప్పేమో అనుకుని రోజా తెప్పించింది. మూడో రోజున పొట్లం వచ్చింది. విప్పితే నల్లగా, బరువుగా, చల్లగా ఉంది. ప్లగ్గు కోసం వెతికితే లేదు. దాంతోపాటు ‘హెయిర్ పిన్నులు’ అని రాసిన చిన్న డబ్బాలో ఆరు ఇత్తడి గొట్టాలున్నాయి.

“దీనికి తీగ లేదేటే?” అన్నాడు ముత్యాలు. హన్విక ఆడుకోవడానికి చెయ్యి చాపితే ఇద్దరూ ఒకేసారి లేచారు.

దాన్ని తువ్వాల్లో చుట్టి విభాగానికి తీసుకెళ్ళేసరికి ముత్యాలు చొక్కా తడిసిపోయింది. వరండాలో గుండ్ల వరస మధ్య కూర్చుని ఉన్న సదాశివరావు ముందు తువ్వాలు విప్పాడు. చుట్టూ ఉన్న అరవై రెండు గుండ్లూ కాస్త వెనక్కి జరిగాయి. సదాశివరావు ప్రకటన నంబరు చెప్పమని, దాన్ని యంత్రంలో వేయించాడు. ‘గృహోపకరణము. అభ్యంతరము లేదు,’ అని వచ్చింది. ఈ రకం డ్రయ్యర్ల ప్రకటనలు మన జిల్లాలోనే నాలుగు వేలు ఆమోదం పొందాయని కూడా చూపించింది.

“బాబూ, ఇది తుపాకీ,” అన్నాడు ముత్యాలు.

“ఆ మాట ఈ ఆవరణలో వాడకూడదు,” అన్నాడు సదాశివరావు. “మా విభాగం వచ్చాక అలాంటి ప్రకటన ఒక్కటీ ఈ జిల్లాలో రాలేదు. నెలవారీ నివేదికలో గుండు సున్నా అని రాసి పంపాం. క్షౌరశాలలో డ్రయ్యరు ఉండటం సహజం. తీసుకెళ్ళు.”

అంటూనే ఆయన దాన్ని వేలితో తాకకుండా పెన్సిలుతో తోశాడు. దాని నోరు తనవైపు లేకుండా చూసుకుని మరీ తోశాడు. అదేమిటో ఆయనకు తెలుసని ముత్యాలుకు అప్పుడు అర్థమైంది. పోనీ సామాన్ల గదిలో పెడతానని అప్పన్న అడిగితే, అందులో గృహోపకరణాలు ఉంచరాదని నిబంధన చూపించాడు. కిందటి ఏడు అక్కడ ఒక మిక్సీ దొరికితే తనిఖీవాళ్ళు పెద్ద రాద్ధాంతం చేశారట. అది హెయిర్ డ్రయ్యరే అని ధ్రువపత్రం రాసి, స్టాంపు వేసి ముత్యాలు చేతికిచ్చాడు.

ముత్యాలు ఇంటికొచ్చి పెరట్లో నడుములోతు గొయ్యి తవ్వాడు. దాన్నీ ఆరు పిన్నులనీ పాతిపెట్టి పైన రుబ్బురోలు దొర్లించాడు. ఇలాంటివి ఇంకా ఎన్ని వేలు ఎవరెవరి పెరళ్ళలో కాకుండా ఎవరెవరి చేతుల్లో ఉన్నాయో అనుకుంటే అతనికి నిద్ర పట్టలేదు. రోజాకూ పట్టలేదు గాని ఆమె ఆలోచన వేరు. తెల్లవారాక ఫోను తీసి, పాత కత్తి ఫొటో మళ్ళీ పెట్టి, కింద కొత్త ప్రకటన రాసింది: ‘తాతల నాటి హెయిర్ డ్రయ్యరు. కొమ్ము పిడి. మడత పెట్టుకోవచ్చు. కరెంటు అక్కర్లేదు.’

యంత్రం వెంటనే ఆమోదించింది. ఇక ఆ కత్తిని సామాన్ల గదిలో ఉంచడం నిబంధనలకు విరుద్ధం. సదాశివరావు ఆదుర్దాపడి, తనిఖీవాళ్ళు రాకముందే దాన్ని వదిలించమన్నాడు. అప్పన్న పసుపు గుడ్డ మూట తెచ్చి ఇస్తూ పెదవి కదపకుండా, “నీ డ్రయ్యరు నువ్వట్టుకెల్లు ముత్యాలూ. జుట్టు బాగా ఆరబెట్టుకో,” అన్నాడు.

మూడో ఏడు నిండడానికి రెండు రోజుల ముందు, పొద్దున్నే, ఇంటి వరండాలో పీట వేసి మేనమామ పైడిరాజు ఒళ్ళో హన్వికను కూర్చోబెట్టారు. తయారీ నిలిపివేత ఉంది కదా అని పైడిరాజు సందేహిస్తే, మనం గుండు చెయ్యడం లేదు, డ్రయ్యరుతో జుట్టు ఆరబెడుతున్నామంది రోజా. జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుంది, మాట ఉన్నమ్మ ఏ పనైనా చేస్తుంది. ముత్యాలు నీళ్ళు చల్లి, నాన్నను తలుచుకుని, నుదుటి మీంచి కత్తి లాగాడు. పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. సగం తల అయ్యేసరికి అలిసి ఊరుకుంది. గంధం రాశాక తన తల తానే తడుముకుని నవ్వింది. ముత్యాలుకు ఆ నెలలో కడుపు నిండా అన్నం తిన్న రోజు అదే. రిజిస్టరులో రాయాలన్న సంగతి అతనికి గుర్తు రాలేదు, గుర్తొచ్చినా రాసేవాడు కాదు.

ఎన్నికల ఫలితాలు ఆ సాయంత్రమే వచ్చాయి. గెలిచినవాళ్ళ ఊరేగింపు బస్టాండు దాకా వచ్చింది. జెండా కట్టిన కారులోంచి ఒకాయన లేచి నిలబడి, సంతోషం పట్టలేక, హెయిర్ డ్రయ్యరుతో గాలిలోకి మూడుసార్లు వేశాడు. చెయ్యి తూలి నాలుగోది బందోబస్తులో ఉన్న అప్పన్న ఎడమ భుజంలో దిగింది. కొట్టు గుమ్మంలో నిలబడ్డ ముత్యాలు చూస్తుండగానే అప్పన్న టోపీ ఒకవైపు, తాను ఒకవైపు పడిపోయాడు. ముత్యాలు పరుగెత్తి, గడ్డాలు తుడిచే తువ్వాళ్ళన్నీ భుజానికి అదిమి పట్టి ఆటోలో ఆసుపత్రికి చేర్చాడు. ప్రాణం దక్కింది.

డాక్టరు తన నివేదికలో ‘ఎడమ భుజము నుండి గుండు ఒకటి తీయడమైనది’ అని రాశాడు. సదాశివరావు ఆ ముక్క చదివి లేచి నిలబడ్డాడు. వరండాలో గుండ్లను లెక్కపెట్టించాడు. తనతో కలిపి అరవై మూడూ ఉన్నాయి. ఎక్కడివి అక్కడే ఉన్నప్పుడు అప్పన్నను కొట్టింది రిజిస్టరులో లేని గుండే అయి ఉండాలి. ఊరంతా గాలించారు. రిజిస్టరులో లేని గుండు ఒకే ఒక్కటి దొరికింది. అది ముత్యాలు ఇంటి గుమ్మంలో కూర్చుని జంతిక తింటోంది.

మర్నాడు విచారణ ముత్యాలు కొట్టులోనే పెట్టారు. అప్పన్నను చెయ్యి మెడకు వేలాడదీసి ఆసుపత్రి నుంచి తీసుకొచ్చారు. హన్వికను బల్ల మీద నిలబెట్టి, తనను కొట్టిన గుండు ఇదేనా, బాగా చూసి గుర్తుపట్టమని అప్పన్నను అడిగాడు సదాశివరావు. పిల్ల అప్పన్న కట్టును చూసి, అందులో ఏముందో అని వేలితో పొడవబోయింది. రోజా ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి తీసింది. రాత్రంతా ఏడ్చిందేమో, ఆమె కళ్ళు వాచి ఉన్నాయి.

“బాబూ, నన్ను కొట్టినాది తుపాకీ,” అన్నాడు అప్పన్న. “జెండా కారులోన ఆయన చేతిలో ఉంది. నాను చూసినాను. ఊరంతా చూసినాది. రాసుకోండి, తుపాకీ.”

ఆ మాట పైకి వినబడి చాలా రోజులైంది. సదాశివరావు కలం కాసేపు గాల్లో ఆడింది. రాయకపోతే సాక్ష్యాన్ని దాచినట్టవుతుంది కనక చివరికి రాశాడు. విభాగం వాంగ్మూలాలన్నీ యంత్రంలో వెయ్యాలి కనక వేశాడు. జవాబు సాయంత్రానికి వచ్చింది: ‘మారణాయుధమును పేరు పెట్టి, అది బాగుగా పనిచేయునని స్వానుభవముతో ప్రచారము చేసినందున ఈ ప్రకటన తిరస్కరింపబడినది. ప్రకటనకర్తపై చర్య తీసుకొనవలెను.’ నోటీసులు అందించడం అప్పన్న పని గనక అప్పన్నే ఆ నోటీసును అప్పన్నకు అందించి రెండుచోట్లా సంతకం పెట్టాడు. ఉద్యోగం నుంచి నిలిపేశారు. విచారణ తేలేదాకా రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్టేషనులో హాజరు కావాలన్నారు.

జెండా కారు ఆయన మీద కేసు నిలవలేదు. బహిరంగ ప్రదేశంలో గృహోపకరణం వాడకూడదని చట్టంలో ఎక్కడా లేదు.

ఎన్నికలైపోయాయి గనక అరవై మూడు గుండ్లనీ విడుదల చేశారు. హన్విక సంగతి వేరు. వెంట్రుక అరంగుళం పెరిగేదాకా ఆ గుండును పగలంతా స్టేషను వరండాలో జమ చెయ్యాలి. నిల్వలో గుండు లేనివాళ్ళు ఉండకూడదు, తయారీదారు అసలే ఉండకూడదు. సదాశివరావు రసీదు తనే స్వయంగా తెచ్చి ముత్యాలుకిచ్చాడు. ‘గుండు ఒకటి. చిన్న సైజు. ఒకసారి పేలినది,’ అని ఉంది. ఇస్తూ ఆయన తలెత్తి చూడలేదు. తన పరిధిలో ఉంటే ఇలా చేసేవాణ్ణి కానన్నాడు. ఎవరి పరిధిలో ఉందని ముత్యాలు అడిగితే, ఆ విషయం తెలుసుకోవడం కూడా తన పరిధిలో లేదన్నాడు.

ఆయన వెళ్ళాక ముత్యాలు రసీదు పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. మూడేళ్ళ పిల్ల ఆ వరండాలో ఒక్కతీ ఎలా కూర్చుంటుందన్న దిగులు పట్టుకుంది. రోజా వచ్చి కుర్చీలో కూర్చుంది. నడుము దాకా వచ్చే జడను ముందుకు వేసుకుని విప్పడం మొదలుపెట్టింది. కానియ్యి నాన్నా అంది. అద్దంలో కూతురి మొహం చూడలేక ముత్యాలు పసుపు గుడ్డ వెతుకుతున్నట్టు అటు తిరిగాడు.

అంతలో గుమ్మంలో చప్పుడైంది. అప్పన్న మఫ్టీలో, చెయ్యి మెడకు వేలాడేసుకుని లోపలికొచ్చాడు. రసీదునీ, రోజా విప్పుకుంటున్న జడనీ చూశాడు.

“నువ్వు లెగమ్మా,” అన్నాడు. “ఎలాగూ నాను రోజంతా అక్కడే కూకోవాల. గుంట ఒక్కర్తీ ఉండక్కర్లేదు. కానీయ్ ముత్యాలూ, నాకూ కొట్టీ.”

రోజా లేచి నిలబడింది. అప్పన్న జాగ్రత్తగా కుర్చీలో సర్దుకున్నాడు. హన్విక జంతిక పట్టుకుని వచ్చి అతని మోకాలి పక్కన నిలబడి, ఏం జరుగుతుందో చూద్దామని తలెత్తింది. ముత్యాలు తెల్లగుడ్డ దులిపి, గాయమైన భుజానికి తగలకుండా అప్పన్న మెడకు కట్టాడు. తరవాత పసుపు గుడ్డ విప్పి, తోలుపట్టీ మీద హెయిర్ డ్రయ్యరు నూరడం మొదలుపెట్టాడు.